పెరట్లో గది బాత్రూంకి గాలి పైపు: నా అనుభవం

మాది హాలియా దగ్గర ఊరు. పాత ఇంటి వెనక పెరట్లో అమ్మ కోసం ఒక రేకుల గది వేసి, దానికి ఆనించి కమోడ్ బాత్రూం కట్టించాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రాత్రిపూట లేచి ఇంటి ముందున్న లెట్రిన్ దాకా నడవడం కష్టం. గది, టైల్స్, కమోడ్ అన్నీ బాగానే కుదిరాయి గానీ వాడకం మొదలైన కొన్నాళ్లకే లోపల కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది. పొద్దున ఫినాయిల్ పోసి కడిగితే మధ్యాహ్నానికి మళ్లీ అదే. "ఎంత కడిగినా వాసన పోతలేదు బిడ్డా, తలుపు తీసిపెట్టుకొని పంటున్న" అని అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు చాలా బాధేసింది. ఆమె సుఖంగా ఉండాలనే కదా ఆ గది కట్టింది.

ఇదే ఇబ్బంది ఇంకా చాలా ఇళ్లలో ఉంది, చాలామంది దాన్ని అలవాటు చేసుకొని బతుకుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు మా లైను సంగతి. సెప్టిక్ ట్యాంకు పాతదే, ఇంటి ముందు ఉంది. పెరట్లో కొత్తది తవ్వుదామంటే రెండడుగుల కిందే బండ తగిలింది, మన నల్లగొండ వైపు ఇది అందరికీ తెలిసిందే. పైగా బోరు కూడా పెరట్లోనే ఉంది, బోరు పక్కన ట్యాంకు పెట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు. అందుకని ఇంటి పక్క సందులోంచి నాలుగించుల పైపు వేసి పాత ట్యాంకులోనే కలిపించాం, సుమారు 45 అడుగుల దూరం. వాలు నేను దగ్గరుండి చూసుకున్నాను. అడుక్కి పావు అంగుళం చొప్పున మొత్తం మీద 11 అంగుళాల పైచిలుకు వచ్చేలా నీళ్ల గొట్టంతో లెవెల్ పట్టించాను. గది బేస్‌మెంట్ మూడడుగుల ఎత్తు, కాబట్టి కమోడ్ పైపు గోడ దాటగానే బెండు తిరిగి నిలువునా కిందికి దిగి, అక్కడి నుంచి అడ్డంగా ట్యాంకు వైపు పోతుంది. స్నానం నీళ్లు పోయే నహానీ ట్రాపు, అంటే నేలలో జాలీ కింద ఎప్పుడూ కాస్త నీళ్లు నిలిచి ఉండే గిన్నె లాంటిది, దాని పైపు ఈ నిలువు పైపులోనే కలుస్తుంది.

ప్లంబరు కుర్రాడు మంచి పనివాడే. పిలవగానే వచ్చి, "ఎండలకు ట్రాపుల నీళ్లు ఎండిపోతున్నయన్నా, రోజూ ఓ చెంబెడు పొయ్యమను" అన్నాడు. వాడకుండా వదిలేసిన బాత్రూంలో అది నిజమే, మే నెలలో మా దగ్గర 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంది. కానీ ఇది రోజూ స్నానం చేసే బాత్రూం. తర్వాత కమోడ్ చుట్టూ వైట్ సిమెంటు తీసి మళ్లీ వేశాడు. వాసన తగ్గలేదు.

ఫ్లష్ కొట్టిన ప్రతిసారీ నహానీ ట్రాపులోంచి గుడగుడమని చప్పుడు రావడం నాకు అనుమానం తెప్పించింది. జాలీ ఎత్తి, ఫోన్ టార్చి లోపలికి కొట్టి, కింద కూర్చొని చూస్తూ ఫ్లష్ కొట్టమన్నాను. ముందు నీళ్లు పైకి ఉబ్బి రెండు బుడగలు వచ్చాయి. ఆ వెంటనే ఎవరో కింద నుంచి పీల్చినట్టు నీళ్లన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయాయి, గుటక్‌మని చప్పుడు వచ్చింది, మళ్లీ సర్దుకునేసరికి ట్రాపు అడుగున కాస్త నీళ్లే మిగిలాయి, పైపు లోపలి నలుపు కనిపిస్తోంది. వాసన ఆ సందులోంచే కొడుతోంది.

ట్రాపులో నిలబడే ఆ నీళ్లే మనకీ ట్యాంకు గ్యాసుకీ మధ్య ఉన్న అడ్డం. మంచి ట్రాపులో 50 మిల్లీమీటర్ల లోతు నీళ్లు నిలుస్తాయి, చవక నహానీ ట్రాపుల్లో అంతలో సగం కూడా నిలవవు. ఫ్లష్ నీళ్లు నిలువు పైపులో నిండుగా దిగేటప్పుడు ముందున్న గాలిని తోస్తాయి, వెనక గాలిని లాక్కుంటాయి. వెనక గాలి వచ్చే దారి లేకపోతే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి లాక్కుంటాయి, మా ఇంట్లో అది నహానీ ట్రాపు.

ప్లంబరుకి ఇది చెబితే, "ట్యాంకు మీద గ్యాసు పైపు ఉంది గదన్నా, మళ్ల ఇక్కడెందుకు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ట్యాంకు పైపు అవతలి కొసన ఉంది, మధ్యలో నీళ్లు పైపు నిండా దిగుతున్నప్పుడు అక్కడి గాలి ఇటు వెనక్కి ఎలా వస్తుంది? నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే ఆగి ఆగి పడుతుంది, రెండో పక్క ఇంకో చిల్లు పెడితే ధారగా పడుతుంది, ఇదీ అంతే తమ్మీ అన్నాను. అతనికి వెంటనే అర్థమైంది. గాలి పైపు వాసన బయటికి పోవడానికే అని మనలో చాలామంది అనుకుంటాం. దానికి అంతకంటే పెద్ద పని గాలిని లోపలికి ఇవ్వడం.

అయినా ట్యాంకు వైపు కూడా చూద్దామని మూత తీయించాం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మూత తీయగానే తొంగి చూడొద్దు, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానీయొద్దు, లోపల మీథేన్ ఉంటుంది. కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియకుండా పోతుంది, అందుకే వాసన లేదని లోపలికి దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఎవర్నీ దించొద్దు. రక్షణ లేకుండా మనుషుల్ని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మేము మూత తీసి చాలాసేపు వదిలేసి, దూరం నుంచే టార్చి కొట్టి చూశాం. పైపు లోపలికి వచ్చే చోట 'టీ' (ఇంగ్లీషు T ఆకారంలో మూడు మూతులుండే అతుకు) సరిగానే ఉంది, పై మూతి తెరిచే ఉంది. అయితే ట్యాంకు గ్యాసు పైపు కొసన జాలీ లేదు, కందిరీగలు మట్టితో గూడు కట్టి మూతి దాదాపు మూసేశాయి. గ్యాసు అటు పోలేక లైను వెంట మా అమ్మ గదికే వస్తోంది. మొదట వచ్చిన బుడగలు కూడా అందుకే.

సరుకు నల్లగొండ ప్రకాశం బజారులో తెచ్చాం. షాపులో పైపు అడిగితే ఏ టైపా, బీ టైపా అంటారు. ఏ టైపు పలచన, గాలికీ వాన నీళ్లకీ సరిపోతుంది. మలం పోయే లైనుకి బీ టైపే వాడాలి. గాలిని లోపలికి మాత్రమే తీసుకొనే చిన్న వాల్వులు కూడా ఉంటాయి, రేకుల పైదాకా పైపు లేపే పని తప్పుతుంది. కానీ అవి గ్యాసుని బయటికి వదలవు కాబట్టి మా ఇంటికి పనికిరావనిపించింది.

పని మాత్రం చిన్నదే. గోడ బయట కమోడ్ పైపుకి ఉన్న బెండు కోసేసి అక్కడ 'టీ' పెట్టాం. కింది మూతి పాత నిలువు పైపుకి, పై మూతికి రెడ్యూసర్ (పెద్ద పైపుకి చిన్న పైపు కలిపే అతుకు) పెట్టి 75 ఎం.ఎం. పైపు నేరుగా పైకి. మధ్యలో ఎక్కడా అడ్డంగా తిప్పలేదు. తప్పనిసరై తిప్పాల్సి వస్తే లైను వైపు వాలు ఉంచాలి, లేకపోతే లోపల చెమ్మ నీళ్లు నిలిచి దారి మూసుకుపోతుంది. రేకుకి చిల్లు పెడదామని మేస్త్రి అన్నాడు, వానాకాలం కారుతుందని నేను వద్దన్నాను. గోడ బయటే క్లాంపులు కొట్టి రేకు అంచు దాటించి పైకి లేపాం. పక్కింటి పెద్దమ్మ వాళ్ల మేడ కిటికీ అటే ఉంది, అందుకని పైపు మూతి ఆ కిటికీకి దూరంగా, దానికంటే ఎత్తులో ఉండేలా చూసుకున్నాం. ట్యాంకు పాత పైపు తీసేసి కొత్తది వేశాం. ట్యాంకు ఇంటికి దగ్గరలో ఉంటే దాని పైపు కప్పు మీద ఇంకో 2 మీటర్లు లేవాలి, కనీసం 50 ఎం.ఎం. సైజు ఉండాలి. రెండు పైపులకీ కౌల్ (మూతి మీద పెట్టే గాలి సందుల టోపీ) పెట్టి లోపల దోమల జాలీ బిగించాం. జాలీ లేని గ్యాసు పైపే ట్యాంకులో దోమలు పుట్టి ఊరి మీదికి రావడానికి దారి.

ఇంకొకటి, స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయలతో ఊళ్లలో కట్టిన రెండు గుంతల లెట్రిన్లకి గ్యాసు పైపు అక్కర్లేదు. ఆ గుంతల గోడలకి ఖాళీలుంటాయి, గ్యాసు మట్టిలోకే ఇంకిపోతుంది. మా ఊళ్లో కొందరు ట్యాంకుల్ని చూసి వాటికీ పైపులు పెట్టించారు, ఆ ఖర్చు దండగ.

పని అయ్యాక మళ్లీ అదే పరీక్ష చేశాం. జాలీ ఎత్తి, టార్చి కొట్టి, ఫ్లష్ కొట్టించి, ఆ పైన కమోడ్‌లో ఒక బకెట్ నీళ్లు కూడా కుమ్మరించాం. ట్రాపులో నీళ్లు కొంచెం కదిలాయి, అంతే, మట్టం తగ్గలేదు. చవక నహానీ ట్రాపు కూడా తీసేసి లోతుది వేయించాం. ఆ రాత్రి నుంచి అమ్మ తలుపు వేసుకొనే పడుకుంటోంది. ఎండకి పీవీసీ పెళుసెక్కకుండా రెండు పైపులకీ పెయింటు వేయాలి, దాంతో పాటు ఇంటి ముందు పాత లెట్రిన్ లైనుకి కూడా ఇలాగే 'టీ' పెట్టించమని ప్లంబరు తమ్ముడికి చెప్పాను, వచ్చే వారం వస్తానన్నాడు.