నాన్న మాసికానికి ఎనిమిది మంది

నాన్న పోయి మొన్న మాఘ బహుళ పంచమికి రెండేళ్ళు నిండాయి. ఆయన తెనాలి డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. తెల్లవారుజామున 4:30కి మొదటి బండి తీయవలసిన రోజుల్లో మూడింటికే లేచి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, సైకిలు మీద డిపోకు వెళ్ళేవారు. వర్షమైనా, ఒంట్లో నలతగా ఉన్నా ఆ వేళ తప్పేది కాదు. "స్టాపులో మన కోసం ఎవరో ఒకరు నిలబడి ఉంటారురా" అనేవారు.

ఆయన రక్తం ఇవ్వడం మొదలుపెట్టింది తోటి కండక్టరు గారి అబ్బాయి కోసం. ఆ బాబుకు తలసేమియా. ఈ జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లల శరీరం హీమోగ్లోబిన్‌ను సరిగా తయారు చేసుకోలేదు కాబట్టి, పుట్టిన కొన్ని నెలలకే బిడ్డ పాలిపోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూనే పెరగాలి. మగవారు మూడు నెలలకోసారి రక్తం ఇవ్వవచ్చని తెలుసుకున్న నాన్న, డ్యూటీలు రాసుకునే జేబు డైరీలోనే ఆ తేదీలు కూడా వేసుకుని, 65 ఏళ్ళు దాటాయి, ఇక తీసుకోకూడదని బ్లడ్ బ్యాంకు వారు చెప్పేదాకా ఇస్తూనే వచ్చారు.

ఆయన పేరు మీద ఏదైనా చేయాలనుకున్నప్పుడు మాకు తోచింది కూడా రక్తదానమే. మొదటి నెల మాసికం రోజున ఇంటి ముందు షామియానా వేసి శిబిరం పెట్టాం. బంధువులు, డిపో వారు, తమ్ముడి స్నేహితులు కలిసి 74 మంది ఇచ్చారు. మాకు చాలా తృప్తిగా అనిపించింది. సాయంత్రం సామాను సర్దుకుంటూ బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ మెల్లగా ఒక మాట చెప్పారు. వేరుచేసిన ఎర్రకణాలు ఫ్రిజ్‌లో ఉంచినా 42 రోజులకు మించి నిలవ ఉండవు; పైగా తలసేమియా పిల్లలకు వీలైనంత తాజా రక్తం ఎక్కించడమే మంచిది. "మీరందరూ ఇవాళే ఇచ్చేశారండీ. వచ్చే నెల పిల్లలు వచ్చినప్పుడు మీలో ఎవరినీ పిలవడానికి ఉండదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జీవితమంతా వేళకు బండి నడిపిన మనిషి పేరు మీద ఒక్క రోజు హడావుడి చేసి సంతోషపడ్డామన్న బాధ కలిగింది.

దారి అమ్మ చూపింది. "ఎలాగూ నెలనెలా మాసికం పెడుతున్నాం కదా, పంతులుగారికి స్వయంపాకం ఇచ్చిన రోజునే ఎనిమిది మందిని పంపండి" అంది. నెలకు ఎనిమిది మంది చొప్పున మూడు నెలలకు 24 మంది ఉంటే ఆ వరుస ఆగకుండా తిరుగుతుంది. జ్వరాలూ ప్రయాణాలూ ఉంటాయి కనుక మేము 30 మంది పేర్లు రాసుకున్నాం. ఆడవారికి నాలుగు నెలల గడువు ఉండాలి కాబట్టి అక్కయ్య, మేనత్త కూతురు వరుస వేరే కాగితం మీద ఉంటుంది. సంవత్సరీకం అయ్యాక ఇక మాసికాలు ఉండవని ఎవరో అంటే, "ఆయనకు అయిపోయాయి, పిల్లలకు అవలేదు కదా" అంది అమ్మ. అందుకే ఇప్పటికీ ప్రతి బహుళ పంచమికి ఎనిమిది మంది వెళుతున్నారు.

ఒక పంచమినాడు పిల్లలకు రక్తం ఎక్కించే వార్డులోకి వెళ్ళాను. ఏడెనిమిదేళ్ళ పాప మంచం మీద బొమ్మల పుస్తకం పెట్టుకుని కూర్చుంది. నర్సు రబ్బరు పట్టీ తీయగానే, "పోయినసారి కుడి చెయ్యి సిస్టర్, ఇవాళ ఇది" అంటూ తనే ఎడమ చెయ్యి చాచింది. సూది గుచ్చుతున్నప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది కానీ ఏడవలేదు. ఆ తరువాత దాదాపు నాలుగు గంటలు, సంచిలోంచి చుక్కచుక్కగా రక్తం దిగుతూ ఉంటే, కుడి చేత్తో ఒక నెమలికి రంగులు వేస్తూ కూర్చుంది. ఉదయం తెల్లగా ఉన్న ఆ పాప పెదవులకు మధ్యాహ్నానికి రంగు రావడం నా కళ్ళతో చూశాను.

రక్తం ఒక్కటే సరిపోదన్న సంగతి ఆ పాప తల్లి చెబితేనే తెలిసింది. ఎక్కించిన ప్రతి సంచితో పాటు సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. దాన్ని బయటకు పంపే మార్గం శరీరానికి లేదు కనుక అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీసేయడానికి డెఫెరాసిరాక్స్ వంటి మందులు రోజూ వాడాలి, మధ్యమధ్య ఒంట్లో ఇనుము ఎంత పేరుకుందో చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది, అది ఎంతో ఆసరా. అయినా రానుపోను ఛార్జీలు, ఆసుపత్రికి వచ్చిన రోజున తల్లిదండ్రులకు పోయే కూలి కలిస్తే ఆ డబ్బు నిలవదు. అందుకని సంవత్సరీకానికి ఊరంతటికీ పెట్టాలనుకున్న భోజనాలు దగ్గరి వారి వరకే చేసి, మిగిలిన డబ్బును ఇద్దరు పిల్లల మందులకు కేటాయించాం. అది కూడా ఒక్కసారిగా కాకుండా నెలనెలా మందుల షాపులోనే కడుతున్నాం.

మా ఇంట్లో పెళ్ళి కుదిరే ముందు ఇప్పుడు హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష కూడా చేయిస్తున్నాం. తమకు జబ్బు లేకున్నా దాన్ని పిల్లలకు అందించగల వాహకులెవరో అది చెబుతుంది. భార్యాభర్తలిద్దరూ తలసేమియా వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఈ పరీక్ష పేరెత్తితే సంబంధం చెడుతుందని భయపడే పెద్దలకు ఈ లెక్క ఓపికగా చెప్పవలసి వస్తోంది, చెబుతున్నాం.

ఈ నెల వరుసలో నా పేరు ఉంది. మొన్న తద్దినం నాడు కర్తగా ఉపవాసం ఉన్నాను, ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు కనుక మిగిలిన ఏడుగురూ వెళ్ళారు, నేను ఆగాను. మర్నాడు పొద్దున్నే అమ్మ ఇడ్లీలు పెట్టి, అవి తినేదాకా ఎదురుగా కూర్చుంది. తరువాత గోడకున్న క్యాలెండరులో షష్ఠి గడిలో నా పేరు రాసి, మూడు నెలలు ముందుకు తిప్పి అక్కడ కూడా రాసింది.