“రేపు చెబుతాను” అన్న మాస్టారు

మన బడి పాత విద్యార్థులం కలిసే రోజుకి తెచ్చే సంచికకి రెండు పేజీలు రాసివ్వమని కమిటీ వాళ్లు అడిగి నెల దాటింది. కొబ్బరిమట్ట సంగతీ, లెక్కల మాస్టారి సైకిలు సంగతీ మన క్లాసులో “గాలిపటం” అని పిలిచే వాడికే వదిలేస్తున్నాను. వాడు చెబితేనే వాటికి అందం. నేను డ్రిల్లు మాస్టారి గురించి రాస్తాను. ఎనిమిది నుంచి పది దాకా నాకు గుర్తున్న చదువంతా సాయంత్రం లాంగ్‌బెల్లు కొట్టాకే మొదలయ్యేది.

ఆయన వాలీబాల్ మనిషి. ఆడపిల్లలకి ఖోఖో జట్టు కట్టమని హెడ్మాస్టారు చెప్పేనాటికి ఆ ఆట ఒక్కసారి కూడా ఆడి ఎరగరు. ఆ మాట మా దగ్గర దాచలేదు. న్యూస్‌పేపర్ అట్ట వేసిన రూల్సు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేవారు. మేం అడిగింది అందులో దొరక్కపోతే “తెలియదమ్మా, రేపు చెబుతాను” అనేవారు. మర్నాడు ప్రేయరు బెల్లు కొట్టకముందే పిలిచి చెప్పేవారు. బి సెక్షన్ వాళ్లు మనల్ని “రేపు బ్యాచ్” అని ఎంత ఏడిపించినా, నేను చూసిన కోచింగుల్లో అంత గట్టిది మరొకటి లేదు.

ఇప్పుడు చెప్పబోయేది జట్టులో ఉన్నవాళ్లందరికీ తెలిసిన వారం. తరిమే జట్టులో గళ్లలో కూర్చున్న పిల్ల, వెనక నుంచి తన జట్టు పిల్ల వీపు తాకుతూ “ఖో” అన్నాకే లేవాలి. మేం ఖో పడకముందే లేచిపోతున్నాం, అస్తమానం ఫౌల్. తిడితే ఇంకా ఎక్కువ లేస్తున్నాం. మాస్టారు తిట్టడం మానేసి, ఒక సాయంత్రం గళ్లున్న నడిమి బాట, అదే సెంటర్ లేన్, పక్కన నేల మీద బోర్లా పడుకున్నారు. చెంప మట్టికి ఆనించి, ఒక్కో గడిలో కూర్చున్న పిల్ల మడమలు, వేలికొసలు చూశారు. మూడో గడిలో ఉన్న పిల్లకి వేళ్లు నేల మీంచి లేస్తున్నాయి, నడుము పైకొస్తోంది, బరువంతా ముందుకి పడుతోంది. అది ఎప్పుడు జరుగుతోందో చూసేసరికి అసలు సంగతి దొరికింది. వెనక నుంచి వచ్చే పిల్ల అడుగు దూరంలో ఉండగానే “ఖో” అంటోంది, చెయ్యి ఆ తర్వాత తగులుతోంది. కూర్చున్న పిల్ల మాటకి లేస్తోంది. ఫౌల్ కనబడుతున్నది ఒకరి దగ్గర, పుడుతున్నది ఇంకొకరి దగ్గర.

దానికి ఆయన కట్టిన అభ్యాసమే నేను ఇవాళ్టికీ చేయిస్తున్నాను. ఎనిమిది మందినీ గళ్లలో ఒకరు ఇటు, ఒకరు అటు చూసేలా కూర్చోబెట్టాలి. మొదటి రౌండులో కోచ్ వెనక నుంచి నడుస్తూ మాట మాత్రమే అంటాడు, తాకడు. ఎవరూ లేవకూడదు. రెండో రౌండులో మాట లేకుండా తాకుతాడు. అప్పుడూ లేవకూడదు. మూడో రౌండులో మాటా, చెయ్యీ ఒకేసారి. అప్పుడే లేవాలి. ఆ తర్వాత ఖో ఇచ్చే పిల్లల వంతు. సరిగ్గా వెనక్కి వచ్చి, అరచెయ్యి రెక్కల మధ్య ఆనించి, అదే క్షణంలో ఖో అనాలి. తొయ్యకూడదు. తోస్తే కూర్చున్న పిల్ల ముందుకి తూలి మొదటి రెండడుగులు వృథా చేస్తుంది. రోజుకి పది నిమిషాలు చాలు. అంతకు మించితే కాళ్లు పట్టేసి, పిల్లలు మళ్లీ మాటకే లేస్తారు.

ఈ వారం గురించి ఇంతగా రాయడానికి కారణముంది. జిల్లాపరిషత్ హైస్కూల్లో పీఈటీగా, అంటే డ్రిల్లు టీచరుగా ఉన్నాను కాబట్టి కొత్తగా పోస్టింగు వచ్చిన కుర్ర పీఈటీలు శిక్షణ తరగతుల్లో పక్కన కూర్చుని అడిగేది ఒకటే: “మేడమ్, నేను స్టేట్ ఆడలేదు, పిల్లలు నా మాట వింటారా?” ఆ భయం మూడు దారుల్లో వస్తుంది. తను ఆడని ఆట నేర్పాల్సిరావడం ఒకటి. హైట్ చూసి, స్ప్రింట్ చూసి ఏరుకున్న స్పోర్ట్స్ స్కూలు జట్టుతో, ఇంటిపని ముగించుకుని వచ్చిన మన పిల్లల్ని పోల్చుకోవడం రెండు. సిలబస్ అవలేదని ఆటల పీరియడ్ అడిగే తోటి టీచర్ల ముందు నోరు పెగలకపోవడం మూడు. వాళ్లకి ధైర్యం చెప్పి ఊరుకుంటే తెల్లారేసరికి దిగిపోతుంది. చెయ్యడానికి పని ఇవ్వాలి.

నేను ఇచ్చే పని ఒక రూళ్ల నోటుబుక్కు. మ్యాచికి నాలుగు అంకెలే రాయాలి: ఖో అందకముందు లేచిన ఫౌళ్లు ఎన్ని, దిశ తప్పిన ఫౌళ్లు ఎన్ని, మన మొదటి ముగ్గురు రన్నర్లు (తప్పించుకు పరిగెత్తేవాళ్లు, ముగ్గురేసి దిగుతారు) ఎంతసేపు నిలిచారు, మనవాళ్లు మొదటి అవుట్ తియ్యడానికి ఎంతసేపు పట్టింది. గెలుపోటములు ఆ పేజీలో రాయకూడదు. గెలుపు ఎదుటి జట్టు మీద కూడా ఆధారపడుతుంది. ఫౌళ్లు తగ్గడం మాత్రం కోచ్ చేతిలో ఉన్నది. రెండు నెలలకి ఆ పేజీలు పక్కపక్కన పెట్టుకున్న మనిషికి తన పని కంటికి కనిపిస్తుంది. అప్పుడు పీరియడ్ అడిగిన టీచరుతో మాట్లాడే గొంతే మారుతుంది.

రెండో పని, ఒక సాయంత్రానికి ఒకటే దిద్దుబాటు. భయపడే కోచ్ ఎక్కువ మాట్లాడతాడు, అది నేను అందరిలో చూశాను. కోర్టు చివర పాతిన కర్ర, అంటే పోల్, దగ్గర మలుపు నేర్పే రోజున మలుపే నేర్పాలి. పోల్ వైపున్న చేత్తో దాన్ని పట్టుకుని, అదే వైపు పాదం మొదలుకి దగ్గరగా వేసి, నడుము దించి తిరగాలి. చెయ్యి పట్టకపోతే ఒళ్లు వెడల్పుగా తిరిగి రన్నర్ జారిపోతుంది. దిశ నేర్పే రోజున కళ్లు కాదు, భుజాలు చూడాలి. లేచిన పిల్ల ఏ వైపు భుజం తిప్పిందో ఆ వైపే వెళ్లాలి, మనసు మార్చుకుంటే ఫౌల్. మరొకటి, ముగ్గురిలో చివరి రన్నర్‌ని అవుట్ చేసిన పిల్ల ఆ ఊపులో కొత్తగా దిగిన ముగ్గురి వెంట తానే పడుతుంది. పడకూడదు, ముందు ఖో ఇవ్వాలి. అది ప్రాక్టీసులో అలవాటు కావాలి. మ్యాచిలో అరిస్తే వినబడదు.

చేసి చూపించలేనివాళ్లు బాగా చేసే పిల్లని పిలిచి చూపించమనాలి. ఆ పిల్ల చేస్తుంటే ఏం చూడాలో మిగతావాళ్లకి కోచ్ చెప్పాలి. ఫోను పోల్ వెనక మోకాలెత్తున పెట్టి వీడియో తీస్తే మాస్టారు బోర్లా పడుకుని చూసిందంతా కనిపిస్తుంది.

కోర్టు సంగతి కూడా చెప్పాలి, బావి దగ్గర మనం గీసిన వంకర గీతల్ని చూసి ఆయన ఎంత బాధపడేవారో గుర్తుంది కదా. 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. తాడు లాగి కొలిచాక రెండు మూలల నుంచీ ఐమూలగా కొలవాలి, రెండూ ఒకే పొడవు వస్తేనే కోర్టు మూలలు వంకర లేకుండా ఉన్నట్టు. గీతలకి సున్నం వద్దు. పిల్లలు డైవ్ కొట్టే ఆట, సున్నం కళ్లలో పడితే మండిపోతుంది. ముగ్గుపిండి చాలు. పోల్ 120 నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు, పైన కొస నున్నగా చెక్కించాలి. పన్నెండు, పధ్నాలుగేళ్ల పిల్ల మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పంటే బద్ధకం అనుకోకండి, ఎదిగే వయసులో దూకే, పరిగెత్తే పిల్లలకి వచ్చేదే. ఆ పిల్లని గొంతుకూర్చోబెట్టకుండా నొప్పి తగ్గేదాకా టైము రాసే పని ఇవ్వండి. నొప్పి వదలకపోతే డాక్టరుకి చూపించాలి.

2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పు ఫైనల్సు మన బ్యాచ్ గ్రూపులో అందరం చూశాం. మన ఆడపిల్లలు నేపాల్ మీద 78–40తో, మగపిల్లలు 54–36తో గెలిచారు. మగవాళ్ల జట్టులో మన ఆంధ్రా కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. ఆ వారం తర్వాత మా బడికి తల్లులే వచ్చి “మా అమ్మాయిని కూడా గళ్లలో కూర్చోబెట్టండి” అన్నారు. మా పిల్లలు జిల్లా జట్టులో ఆడుతున్నారు. ఒకమ్మాయి బీపీఈడీ, అంటే డ్రిల్లు టీచర్ల చదువు, చదువుతోంది, సెలవుల్లో వచ్చి నా నోటుబుక్కు తనే రాస్తుంది. నాకు తెలియనిది అడిగితే ఆ అమ్మాయి ముందు కూడా నేను “రేపు చెబుతాను” అంటాను, మర్నాడు చెబుతాను.

కమిటీ వారికి ఒక మనవి. కలిసే రోజు పొద్దున ఏడింటికల్లా కోర్టు గీసి ఉంచుతాను, ముగ్గుపిండి, తాడు, ఈల నావే. పోల్స్ రెండూ బడి స్టోరు రూములో ఉన్నాయో లేదో ముందే చూడండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గళ్లలో కూర్చోనక్కర్లేదు, నిలబడి ఆడొచ్చు. ఒక జట్టు తరిమే వంతు, అదే టర్ను, తొమ్మిది నిమిషాలంటే మనకి ఎక్కువ, అయిదు చాలు. బి సెక్షన్ వాళ్లకి జట్టు కుదరకపోతే మాలో “బుల్లెట్” అని పిలుచుకునే మనిషిని ఇస్తాం, కానీ మూడో గడి మాదే.