జేమ్స్‌టౌన్‌లో చేతులు మారిన పిల్లలు

అమెరికాలోని వర్జీనియాలో పిల్లలు నాలుగో తరగతిలో తమ రాష్ట్ర చరిత్ర చదువుతారు. ఆ పాఠాల్లో మా అమ్మాయి మనసుకు పట్టిన పేర్లు రెండు: కెప్టెన్ జాన్ స్మిత్, పోకహాంటస్. 1607 మే నెలలో మూడు ఓడల్లో వచ్చిన నూరుమందికి పైగా ఆంగ్లేయులు జేమ్స్ నది ఒడ్డున జేమ్స్‌టౌన్ అనే కోట కట్టుకున్నారు. ఆ డిసెంబరులో స్మిత్ స్థానికులకు బందీగా చిక్కాడు. పౌహాటన్ అనే స్థానిక తెగల కూటమి అధినేత ఎదుట అతని తల మీద దుడ్డుకర్రలు పడబోతుండగా, అధినేత కూతురు పోకహాంటస్ అడ్డుపడి ప్రాణం కాపాడిందన్నది ఇక్కడ అందరికీ తెలిసిన కథ.

ఆ కథ చెప్పినవాడు స్మిత్ ఒక్కడే. అతడు 1608లో అచ్చయిన తన తొలి రచనలో అధినేత తనను ఆదరించాడనే రాశాడు గాని, ప్రాణం మీదికి వచ్చిన సంగతి రాయలేదు. ఆ ఘట్టం వివరంగా కనిపించేది 1624 నాటి గ్రంథంలో. అప్పటికి పోకహాంటస్ గాని, ఆమె తండ్రి గాని బతికి లేరు. అది స్మిత్‌ను తమవాడిగా స్వీకరించే తంతు కావచ్చునని కొందరు చరిత్రకారులు, అసలు జరగనే లేదని మరికొందరు అంటారు. నాటికి ఆ పిల్ల వయసు సుమారు పది పదకొండేళ్ళే.

స్మిత్‌ను తీసిపారేయాలని నా ఉద్దేశం కాదు. చెసపీక్ అఖాతం తీరాన్ని పడవలో తిరిగి అతడు గీసిన పటం 1612లో అచ్చయింది, దశాబ్దాల పాటు ఉపయోగపడింది. అయితే చెట్ల వలయాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 1606 నుంచి 1612 దాకా ఆ ప్రాంతంలో ఘోరమైన కరువు ఉండేదని తేల్చారు. తమకే చాలని మొక్కజొన్నను స్థానిక ప్రజలు ఇవ్వడానికి వెనుకాడితే, స్మిత్ కొన్నిసార్లు ఆయుధం చూపి తీసుకున్నాడు. ఆ సంగతి అతని రాతల్లోనే ఉంది.

మా ఇంట్లో ఎక్కువగా మాట్లాడుకున్నది మాత్రం, బడి పాఠంలో అంతగా కనిపించని ఇద్దరు అబ్బాయిల గురించి. 1608లో థామస్ సావేజ్ అనే పదమూడేళ్ళ పిల్లవాణ్ణి భాష నేర్చుకోవడానికి ఆంగ్లేయులు అధినేత దగ్గర వదిలిపెట్టారు. బదులుగా నామొంటాక్ అనే యువకుణ్ణి వెంటబెట్టుకుని ఇంగ్లండుకు వెళ్ళారు. మరుసటి ఏడు హెన్రీ స్పెల్‌మన్ అనే పద్నాలుగేళ్ళ వాణ్ణి స్మిత్ ఒక నాయకుడికి అప్పగించాడు. ఒక ఊరి కోసం తనను అమ్మేశాడని స్పెల్‌మనే తర్వాత రాసుకున్నాడు. పెద్దయి దుభాషిగా స్థిరపడిన అతణ్ణి 1619లో, స్థానికుల ఎదుట గవర్నరును తక్కువ చేసి మాట్లాడాడన్న అభియోగంపై, వలస శాసనసభ విచారించి శిక్షించింది. నాలుగేళ్ళకు స్థానికులతో జరిగిన ఘర్షణలో అతడు చనిపోయాడు. రెండు భాషలూ వచ్చినవాడిని నిండుగా నమ్మిన పక్షం ఏదీ లేకపోయింది.

మన తెలుగు సంఘాల వేదికల మీద పిల్లలను రెండు సంస్కృతులకు వారధులని తరచుగా ప్రశంసిస్తాం. ఆ మాట ప్రేమతోనే అంటాం, కాని దాని బరువు పసి భుజాల మీద పడుతుందని స్పెల్‌మన్ కథ చదివాక నాకు బలంగా అనిపించింది. బందరు నుంచి వచ్చిన మా అమ్మ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆమె ఒంటి బాధలను ఇంగ్లీషులో చెప్పే పని నా కూతురికి అప్పగించకూడదని, దుభాషిని అడగాలని మేమిద్దరం నిర్ణయించుకున్నాం. అమ్మమ్మతో కబుర్లకూ, కథలకూ తెలుగు కావాలి. పెద్దల ఆందోళనలు మోయడానికి కాదు.

పోకహాంటస్‌ను కూడా అలాంటి వారధిగానే చూపుతారు. నిజానికి 1613లో ఆంగ్లేయులు ఆమెను ఓడలోకి మభ్యపెట్టి రప్పించి బందీని చేశారు. ఆ నిర్బంధంలోనే బాప్తిస్మమిచ్చి రెబెక్కా అని పేరు పెట్టారు. 1614లో జాన్ రోల్ఫ్ అనే ఆంగ్లేయుణ్ణి పెళ్ళాడింది, 1617లో ఇంగ్లండులోని గ్రేవ్‌సెండ్‌లో ఇరవయ్యొకటో ఏట కన్నుమూసింది. “ఆమె అసలు పేరు ఎవరైనా అడిగారా అమ్మా?” అంది మా అమ్మాయి. అమొనూటె అనీ, మటోకా అనీ ఆమెకు పేర్లుండేవి, పోకహాంటస్ ముద్దుపేరు.

ఈ చరిత్ర మనకు మరీ పరాయిది కాదు. జేమ్స్‌టౌన్‌ను స్థాపించిన వర్జీనియా కంపెనీకీ, 1611లో గ్లోబ్ అనే ఓడను మచిలీపట్నానికి పంపిన ఈస్టిండియా కంపెనీకీ ఆ కాలంలో అధిపతి సర్ థామస్ స్మైత్ అనే ఒకే లండన్ వర్తకుడు. అక్కడ గోల్కొండ సుల్తాను పాలన గట్టిగా ఉంది కాబట్టి ఆంగ్లేయులు అనుమతి పొంది వ్యాపారం చేశారు; ఇక్కడ పొలాలు, నదీతీరాలు ఆక్రమించారు. అమ్మమ్మ ఊరి పేరు వినిపించగానే మా పిల్లలిద్దరూ పటం తెచ్చుకున్నారు.

బడిలో పౌహాటన్ ప్రజల గురించి “ఉండేవారు” అనే చెబుతారని మా అమ్మాయి గమనించింది. వారిలో ఒకటైన పామంకీ తెగ నేటికీ తన నది ఒడ్డునే ఉంది. ఆంగ్లేయులతో కుదిరిన 1677 ఒడంబడిక ప్రకారం పామంకీ, మట్టపొనై తెగలవారు ఏటా థాంక్స్‌గివింగ్ పండుగ ముందు గవర్నరుకు కానుక సమర్పిస్తారు. మా అబ్బాయి వచ్చే ఏడు నాలుగో తరగతికి వస్తాడు. వాణ్ణి జేమ్స్‌టౌన్ కోట కంటే ముందు పామంకీ వారి మ్యూజియానికి తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం.