గడప దాటిన పటం

హన్మకొండలో పొద్దున్నే బయల్దేరినా జనగామలో సిద్దిపేట బస్సు కోసం ముప్పావు గంట పడిగాపులు. బచ్చన్నపేట దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. పక్కన మా బామ్మర్ది ఒకటే సణుగుడు: "ఢిల్లీల గంత పెద్ద గ్యాలరీ సూశినంక మళ్ల చేర్యాల ఎందుకు బావా?"

ఢిల్లీ చూశాకే గుడ్డమీద కథల పటాలు రాసే చేర్యాల గుర్తొచ్చింది మరి. పోయిన చలికాలం కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి, ఇండియా గేటు దగ్గరి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడ్రన్ ఆర్ట్ చూశాం. ఒకప్పుడు జైపూర్ మహారాజు విడిది అది. 1954 మార్చి 29న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ గ్యాలరీని ప్రారంభించారు. మొదటి క్యూరేటర్ హెర్మన్ గోట్జ్ అనే జర్మన్ పండితుడు. ఈ కాలపు బొమ్మల్ని సర్కారు డబ్బుతో కొని, పాడవకుండా కాపాడి, టికెట్ కొన్నవాళ్లందరికీ చూపించడం దాని పని. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బొమ్మల ముందు అరగంట నిలబడ్డాను. కాళ్లు పీకినా కదలబుద్ధి కాలేదు. కానీ ఆ గదుల్లో అన్నీ గుసగుసలే. గుళ్లో కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

చేర్యాలలో ఈ పటాలు రాసే నకాషీ పెద్దాయన పటం చుట్ట తెచ్చి నేలమీద దొర్లించాడు. ఎర్రటి రంగు మీద మార్కండేయుడి కథ, వరస వెంట వరస. గది చాల్లేదు, కొస గడప దాటింది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి మూడు పూతలు వేసి ఆరబెడితే గానీ కుంచె పెట్టరట. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు ఇవి రాయించుకుని ఊరూరా తిరిగేవారు. వాడ మధ్యన పటం కట్టి, బొమ్మ చూపిస్తూ పాడేవారు. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య గారి బొమ్మల్లో కనిపించే జానపద గీతకు మూలం ఈ నకాషీ పనే.

పటం బాగా చిరిగిపోతే మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలిపేవారట. ఢిల్లీలో చెమ్మ తగలకుండా కాపాడే బొమ్మలు తలుచుకుని గతుక్కుమన్నాను. పాత పటాలు అరుదుగా మిగలడానికి అదీ ఒక కారణమే. ఒక్క మంచి గ్యాలరీ వరంగల్‌లో ఉంటే బాగుండుననిపించింది.

ఇంతలో సణిగిన మనిషే పటం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "గీడ యముడొచ్చిండు గదా, ఇగ ఏమైంది తాతా?"

"బొమ్మలేసుడు మా పని బిడ్డా. పాడుడు వాళ్ల పని. వాళ్లొచ్చి శానా ఏండ్లాయె."

చుట్టడానికి మేమిద్దరం చెరో అంచు పట్టుకున్నాం.