పెరటి నీలిమందు: విత్తు నుంచి కుండ దాకా

ప్రొద్దుటూరు శివారులోని మా పెరట్లో ఈ ఏడు వంగ, టమాటా తగ్గించి సగం చోటు నీలి మొక్కకు ఇచ్చాను. ఈ జిల్లాకు నీలి కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో కడప నీలిమందు మద్రాసు రేవు దాటి వెళ్లేది. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్‌ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత ఆకు నానబెట్టి నీలి తీసే మన తొట్లు ఎండిపోవడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇప్పుడు నీలి ఆకు అంటే అందరికీ తలకు రాసుకునే పొడే గుర్తుకొస్తుంది. నాకు మాత్రం దాని రంగును గుడ్డ మీద చూడాలని కోరిక.

విత్తనం చిన్నది, పెంకు గట్టిది. ముతక ఇసుకలో వేసి అరచేతులతో బాగా నలిపి, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. ఉబ్బినవి మడిలోకి, ఉబ్బనివి మళ్లీ ఇసుకలోకి. ఆరుద్ర కార్తె వానకు తడిసిన నేలలో అడుగు ఎడంగా సాళ్లు తీసి, పైపైనే విత్తాను. నీలి పప్పుజాతి మొక్క, నత్రజనిని వేళ్ల బుడిపెల్లో తానే సమకూర్చుకుంటుంది కనుక యూరియా జోలికి పోలేదు. నీరు నిలిస్తే మాత్రం ఓర్చుకోదు. మాది నల్లనేల కాబట్టి మడిని జానెడు ఎత్తు లేపాను.

మొక్క మోకాలెత్తు వచ్చాక పక్కింటి పెద్దాయన గోడ మీదుగా చూసి, “ఏమి నాయనా, మేము చేలో వెంపలి పీకలేక చస్తుంటే నువ్వు పనిగట్టుకొని విత్తుకున్నావా?” అన్నారు. దూరం నుంచి చూస్తే ఎవరైనా అదే అంటారు. తేడా చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. వెంపలి చిట్టాకును కొస పట్టుకొని లాగితే అడ్డంగా తెగదు, బాణం మొనలా కోసుగా తెగుతుంది. నీలి ఆకు అలా తెగదు, ఎండితే నీలం కలిసిన నలుపుకు తిరుగుతుంది. వెంపలికాయ బల్లపరుపుగా ఉంటుంది, నీలికాయ సన్నగా గుండ్రంగా ఉంటుంది. గోడ మీదుగా రెండు కొమ్మలూ అందించి ఆయన చేతే తెంపించాను. వెంపలి కూడా పనికిరానిదేమీ కాదు, పూతకు ముందు కలియదున్నితే మంచి పచ్చిరొట్ట.

మొగ్గ కనిపించగానే మొదటి కోత. మొదలు జానెడు వదిలితే మళ్లీ చిగురిస్తుంది. ఆకు వాడకముందే నీళ్లలో పడాలి కనుక తెల్లవారుజామున కోసి, వెంటనే ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి, తేలకుండా పైన కడప బండ ముక్క పెట్టాను. మా ఎండలకు రాత్రి దాకా నానితే చాలు. నీళ్లు పసుపుపచ్చగా మారి, పైన రాగిరంగు తెట్టు కట్టింది. అప్పుడు ఆకు తీసేసి, నీళ్లు వడగట్టి, సున్నపు తేట కలిపి చిలకడం మొదలుపెట్టాను.

ఈ చిలకడంలోనే అసలు విషయమంతా ఉంది. ఆకులో నీలి ఉండదు, ఇండికాన్ అనే పదార్థం ఉంటుంది. నానినప్పుడు అది విడిపోయి ఇండాక్సిల్ అవుతుంది, దానికి గాలిలోని ఆక్సిజన్ తగిలితే నీలి పుడుతుంది. అందుకే చెంబుతో ముంచి ఎత్తు నుంచి పోస్తూనే ఉండాలి. నురుగు ముందు పచ్చగా లేచి, నీలం తిరిగి, ఇక లేవనని చతికిలబడింది. అంతలో నా భుజాలూ చతికిలబడ్డాయి. రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీళ్లు వంచేసి, అడుగు ముద్దను గుడ్డలో వడగట్టి బండ మీద ఆరబెట్టాను. నాలుగు కిలోల పచ్చాకుకు పది గ్రాములు కూడా రాలేదు. నీలిమందు ధర చూసి ముక్కు విరిచేవారు ఒక్కసారి ఈ లెక్క చూడాలి.

గుడ్డకు రంగు వేసే కుండకు నా ముద్ద చాలదు కనుక కొన్న సహజ నీలిమందు కలిపి యాభై గ్రాములు చేశాను. నీలి నీటిలో కరగదు, దాన్ని కరిగే రూపానికి తేవాలంటే ఆక్సిజన్ అందకుండా పులియబెట్టాలి. పులియడానికి మేతగా తగిరిస మొక్క విత్తనాలు, ఇది దక్షిణాదిలో పాత పద్ధతి. బీళ్లలో ఏరిన విత్తనాలు నీలిమందుకు సమంగా తూచి, జిగురు వచ్చేదాకా ఉడికించి, ఆరాక నీళ్లతో సహా మట్టికుండలో పోశాను. సున్నం కొంచెం కొంచెంగా వేస్తూ, క్షారం ఎంతుందో చెప్పే పీహెచ్ కాగితంతో చూసుకున్నాను, 10–11 మధ్య ఉండాలి. పులిసేకొద్దీ అది దిగుతుంది, మళ్లీ చిటికెడు సున్నం వేయాలి. రోజుకొకసారి బుడగలు లేవకుండా కర్రతో మెల్లగా తిప్పాలి. చలి రాత్రుల్లో పని మందగిస్తే చుట్టూ వరిగడ్డి పేర్చాను. వాసన గురించి ఇంట్లోవాళ్ల అభిప్రాయం ఇక్కడ రాయను.

పైన నీలి నురుగు, కింద పసుపుపచ్చ నీరు కనబడితే కుండ సిద్ధమైనట్టు. నూలు గుడ్డను గంజి పోయేలా ఉడికించి, తడిపి పిండి, గాలి బుడగ లేకుండా ముంచి అయిదు నిమిషాలు ఉంచాను. తీయగానే గుడ్డ లేత పసుపుపచ్చగా ఉంది. అంచుల నుంచి పచ్చదనం, దాని వెనకే నీలం పాకుతూ మడతల దగ్గర ఆగింది. మడత విప్పితే అక్కడ ఇంకా పసుపే. నిమిషంలో అదీ మాయం. ఒక్క మునక ఆకాశం రంగు, మునకకూ మునకకూ మధ్య పావుగంట ఆరబెడుతూ పోతే ముదురు నీలం. రంగు పట్టడానికి పటిక అవసరం లేదు. చేతి తొడుగులు మాత్రం తప్పనిసరి, సున్నం చర్మాన్ని కొరుకుతుంది.

నానబెట్టి తీసేసిన ఆకును వంగ పాదుల్లో వేశాను. ఒకప్పుడు నీలి రైతులు చేసిందీ ఇదే, ఎరువుకు ఎరువు.

రెండో కోత మీద మా అక్కయ్య కన్ను పడింది. తలకు వాడాలంటే ఆకును నీడలో ఎండబెట్టి, మెత్తగా దంచి, గుడ్డతో జల్లించాలి. ముందు గోరింట పెట్టి కడుక్కోవాలి, తర్వాత నీలి పొడిని నీళ్లతో కలిపి పావుగంటలో రాసేయాలి. గోరింటలా రాత్రంతా నానబెడితే పని చేయదు. ముందుగా మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోవాలి. ‘నల్ల గోరింట’ పేరుతో దొరికే పొట్లాల్లో కొన్నిటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, చాలామందికి దద్దుర్లు వచ్చేది దానివల్లే. పొట్లం వెనక చదివి కొనండి.

కంచె పక్కన కొన్ని మొక్కలను కోయకుండా విత్తనానికి వదిలాను. కాయలు గోధుమరంగుకు తిరుగుతున్నాయి, చిట్లకముందే ఏరాలి.