ఒకే గుహలో రెండు రకాల కంచాలు

అందరూ భోజనాలకు లేచినా, నేను మాత్రం జర్మనీలోని హాగెన్ పట్టణానికి చెందిన బ్లాటర్‌హోలె గుహ గురించిన ఒక గ్రాఫు ముందే కూర్చుండిపోయాను. అక్కడ దొరికిన రాతియుగపు మనుషుల ఎముకల్లోని నత్రజని, కర్బన ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు; వాటి పాళ్లు తిన్న తిండిని బట్టి మారతాయి) బట్టి గీసిన ఆ చుక్కల్లో ఒక గుంపు మిగిలినవాటికి దూరంగా, ఎత్తున ఉంది. ఆ చుక్కలు చేపలు తిని బతికినవారివి.

మధ్య ఐరోపాకు వ్యవసాయం సుమారు 7500 ఏళ్ల కిందట వచ్చింది. ఆ తరువాత వేటగాళ్లు త్వరలోనే కనుమరుగయ్యారని చాలాకాలం అనుకున్నారు. కానీ 2013లో వెలువడిన పరిశోధన, నదుల్లోని చేపల మీద ఆధారపడిన వేటగాళ్ల సంతతి దాదాపు 2000 ఏళ్లపాటు రైతులకు ఇరుగుపొరుగుగా జీవించిందని, రెండు వర్గాలవారూ తమ మృతులను ఆ గుహలోనే ఉంచారని చూపింది. తల్లి వరుసను తెలిపే మైటోకాండ్రియా డీఎన్ఏను బట్టి, వేటగాళ్ల ఆడపిల్లలు రైతుల ఇళ్లకు కోడళ్లుగా వెళ్లి ఉంటారని, రైతుల ఆడపిల్లలు అటు వెళ్లిన జాడ లేదని ఆ శాస్త్రవేత్తలు భావించారు.

నన్ను ఎక్కువసేపు ఆపింది 2017 నాటి ఫలితం. మొత్తం జన్యువులను పరిశీలించినప్పుడు, చేపలు తిన్నవారిలో ఒకరికి సుమారు నాలుగో వంతు రైతుల వారసత్వం ఉన్నట్లు తేలింది. రైతుల్లోనేమో వేటగాళ్ల పాలు సగానికి దగ్గరగా ఉంది. తిండి వేరుగా ఉన్నా, రక్తం అప్పటికే కలిసిపోయిందన్నమాట.

ఆ వ్యక్తి తల్లి వరుస వేటగాళ్లదే కనుక, రైతు వారసత్వం ఎవరో తాత ద్వారా వచ్చి ఉండవచ్చు. ఒక రైతు కుర్రవాడు నది ఒడ్డుకు ఇల్లరికం వెళ్లాడేమో. ఇది కేవలం నా ఊహ.