చాలు పిన్నీ

"ఇంకో గరిటె వేయనా అమ్మా?" పిన్ని పప్పు గిన్నెతో పక్కనే నిలబడింది. నా పళ్లెంలో ఉన్నది ఒక ఉడికిన గుడ్డు, రెండు చెంచాల ముద్దపప్పు. అవి తినడానికే 25 నిమిషాలు పట్టింది.

"చాలు పిన్నీ" అనగానే ఆమె ముఖం చిన్నబోయింది. మా ఇళ్లలో వద్దంటే వంట నచ్చలేదని అర్థం.

బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ జరిగి నేటికి 4 నెలలు. పొట్టలో దాదాపు 80 శాతం తీసేశారు. గుండెల్లో మంట ఎక్కువగా ఉంటే గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే పొట్టను చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్, మేలని డాక్టరు చెప్పారు. నాకు ఆ బాధ లేదు కాబట్టి స్లీవ్ ఎంచుకున్నాను. తీసేసింది మళ్లీ రాదు కదా, అందుకే ఆలోచించడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు ముందు ప్రొటీన్, అన్నం చివర్లో. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. అన్నిటికన్నా కష్టం అదే. ఆవకాయ ముద్ద తినగానే చెయ్యి ఇప్పటికీ గ్లాసు కోసం వెతుకుతుంది.

బయలుదేరుతుంటే పిన్ని చిన్న స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. అందులో పెసరట్టు, పసిపిల్లలకు తుంచినట్టు చిన్న చిన్న ముక్కలుగా. "ఆకలేసినప్పుడే తిను, మెల్లగా" అంది.

ఇల్లు చేరేదాకా ఆ డబ్బాను ఒళ్లోనే పెట్టుకున్నాను.